నమూనా కుళాయి

“మన మోక్షి పళ్ళు కూడా మేరీ పళ్ళ మాదిరే అయిపోతాయేమోనయ్యా,” అన్నాను మా ఆయనతో.

అప్పటికి ఏమీ జరగలేదు. మోక్షి గుమ్మంలో కూర్చుని బొరుగులు నములుతోంది. దానికింకా ఆరో ఏడు నిండలేదు. పళ్ళు కొత్తగా సున్నం వేసిన గోడలా తెల్లగా ఉన్నాయి. అయినా అన్నాను. నాకు భయం ముందు వస్తుంది, కారణం ఓ వారం ఆగి వస్తుంది. ఇప్పటిదాకా రాకుండా మానుకున్నది లేదు.

“ఏ మేరీ?” అన్నాడు ఆయన అన్నం కలుపుకుంటూ.

“పక్కింటి వజ్రమ్మ కూతురు. నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునిద్దే, ఆ పిల్ల. పళ్ళు తుప్పు పట్టిన మేకుల్లాగా ఉంటయ్యి.”

“సరిగ్గా తోముకోదేమో.”

“బొగ్గుతో తోమింది, ఉప్పుతో తోమింది, టీవీలో చూపించే పేస్టులన్నీ అయినయ్యి. తోముడుతో పోయేది కాదంట. నీళ్ళల్లో ఫ్లోరైడు ఉందంట.”

“మున్సిపాలిటీ గోడ మీద ‘మీ నీరు సురక్షితం’ అని రాశారుగదే. అంత పెద్ద అక్షరాలతో అబద్ధం రాస్తారంటే?”

మా ఆయన గ్రానైటు ఫ్యాక్టరీలో రాళ్ళకి పాలిషు పెడతాడు. శంకుస్థాపన పలకలన్నీ ఆయన చేతిమీదుగానే పోతాయి. అందుకని పెద్ద అక్షరాలంటే ఆయనకు గౌరవం.

నాకు మాత్రం నర్సమ్మ మాట చెవిలోంచి పోవడం లేదు. మొన్న టీకాకి వెళ్ళినప్పుడు అడిగితే ఆవిడ మోక్షి పెదవి పైకెత్తి చూసి, “పాలపళ్ళకి అంతగా మచ్చ రాదులే మంగతాయీ. ఇయ్యి ఊడినాక వచ్చే పళ్ళున్నయ్యే, అయ్యి ఇప్పుడు చిగుళ్ళ లోపల తయారవుతుంటయ్యి. ఇప్పుడు తాగే నీళ్ళతోనే వాటి రంగు,” అంది. ఆ రోజు నుంచి నేను నా కూతురి మొహం చూడటం మానేసి చిగుళ్ళు చూస్తున్నాను.

క్యాను నీళ్ళు కొనుక్కోవచ్చుగా అంటారేమో. ఊళ్ళో ఉన్న ఒక్క క్యాను ప్లాంటుకీ కిందటి నెలలోనే తాళం వేశారు. సురక్షితమైన నీటిని మళ్ళీ శుద్ధి చేయడం వల్ల ఆ నీరు సురక్షితం కాదేమోనన్న అపోహ ప్రజల్లో కలుగుతోందని తలుపుకు కాగితం అంటించారు.

మర్నాడు పొద్దున్నే పిల్లను బడిలో దింపి మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాను. నీళ్ళ వ్యవహారం చూసేది డిప్యూటీ ఇంజినీరు పరాంకుశం గారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఉన్నారు. నాకు ఒక్కటే ప్రశ్న. దారిపొడుగునా తప్పు పోకుండా బట్టీ పట్టుకుంటూ వెళ్ళాను.

“సార్, మన పంపు నీళ్ళు నా బిడ్డ తాగొచ్చా?”

“అమ్మా,” అన్నారాయన, ఫైలు తెరిచి. “పురపాలక సంఘము సరఫరా చేయు నీరు నిర్దేశిత ప్రమాణములకు లోబడి యున్నదని గత పదకొండు మాసములుగా జిల్లా ప్రయోగశాల ధ్రువీకరిస్తూ వస్తున్నది.”

“అంటే తాగొచ్చా?”

“ధ్రువీకరిస్తూ వస్తున్నది.”

“నేను ఏడో తరగతే చదివాను సార్. అవునో కాదో చెప్పండి.”

ఆయన ఫారం నా వైపు తిప్పి వేలితో చూపించారు. “అవును, కాదు అనే గడులు ఇందులో లేవమ్మా.”

గడులైతే లేవు గానీ ఫ్లోరైడు అన్నచోట అంకె ఉంది. సున్నా పక్కన చుక్క, చుక్క పక్కన రెండు. నర్సమ్మ చెప్పింది మన ఊరి నీళ్ళల్లో లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల పైమాట అని. ఇంత మంచి నీళ్ళు తాగి కూడా మేరీ పళ్ళు అట్లా అయ్యాయంటే, ఇది నీళ్ళ జబ్బు కాదు, ఇంకేదో పెద్ద జబ్బు అనుకున్నాను.

“ఈ నీళ్ళు ఎక్కడ పట్టారు సార్?”

“నమూనా కుళాయి వద్ద. దావీదూ, ఈవిడకి చూపించు.”

అటెండరు దావీదు యాభై దాటిన మనిషి. ఆఫీసు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ టైల్స్ పరిచిన గద్దె, గద్దె మీద మెరిసిపోయే ఒకే ఒక్క కుళాయి, చుట్టూ ఇనుప కటకటాలు. కుళాయి వెనకాల బీరువా అంత యంత్రం ఒకటి గుర్రుమంటోంది.

“ఇదేందన్నా?”

“శుద్ధి చేసే మిషనమ్మా.”

“ఊరంతటికీ ఇదొక్కటేనా?”

“ఊరికి గాదు. ఈ పంపుకి.”

దావీదు చెప్పిందాని ప్రకారం జరిగింది ఇది. రెండేళ్ళ కిందట పైనుంచి రూలు వచ్చింది. ప్రతి సోమవారం ఒక నిర్ణీత స్థలంలో నీటి నమూనా తీయాలి, అది ప్రమాణాల్లోపు ఉండాలి. మొదటి మూడు సోమవారాలూ లేదు. మూడు మెమోలు వచ్చాయి. ఊరి నీళ్ళన్నీ బాగు చేయడానికి పరాంకుశం గారు పెద్ద నివేదిక రాసి పంపారు. ఊరి నీరు శుద్ధంగా ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు, నమూనా శుద్ధంగా ఉండాలని మాత్రమే ఉంది, లేని నిబంధనను పాటించడం క్రమశిక్షణా రాహిత్యం అని జవాబు వచ్చింది. దాంతో నమూనాని శుద్ధి చేశారు.

“రూలు ఎంత చెప్పిందో అంతే చేశారమ్మా. గింజ తగ్గలా, గింజ మించలా,” అన్నాడు దావీదు.

నా సంచిలో బాటిలు ఉంది. కటకటాల్లోంచి చెయ్యి దూర్చి కుళాయి కింద పెట్టాను. దావీదు హడలిపోయాడు.

“అమ్మోయ్! అయ్యి తాగే నీళ్ళు గావు!”

“మరి?”

“పరీక్ష చేసే నీళ్ళు!”

కేకకి పరాంకుశం గారు పరిగెత్తుకొచ్చారు. నా బాటిలు లాక్కుని, ఒక్క చుక్క పోకుండా తిరిగి యంత్రం మూత తీసి అందులో పోశారు.

“నమూనా జలమును సేవించుట అనగా ప్రభుత్వ సాక్ష్యమును మింగుట అని అర్థం. తెలుసా అమ్మా మీకు? అయినా మీ ఇంటికి వచ్చేదీ ఇదే నీరు గదా, రికార్డు ప్రకారం.”

“ఇదే నీరైతే ఇక్కడ పట్టుకుంటే ఏం సార్?”

“ఇదే నీరైనప్పుడు ఇక్కడే పట్టుకోవడం దేనికమ్మా?”

ఇంటికొచ్చి వజ్రమ్మతో చెప్పాను. వజ్రమ్మతో చెప్పడమంటే ఊరితో చెప్పడమే. సాయంత్రానికి ఆఫీసు వెనకాల నలభై బిందెలు వరసలో ఉన్నాయి. మర్నాటికి కటకటాలకు తాళం పడింది. మూడో నాటికి ఒక పోలీసాయన కుర్చీ వేసుకు కూర్చున్నాడు. యంత్రం ఆపితే చెడిపోతుందట, అందుకని కుళాయి రాత్రింబగళ్ళు కారుతూనే ఉంటుంది. ఆ నీళ్ళు కాలవలో పడి, ఆ కాలవ పక్కన కట్టేసిన గేదె తాగుతుంది. ఊరి మొత్తంలో సురక్షితమైన నీరు తాగే ప్రాణి అదొక్కటే. దాని పళ్ళు చూడ్డానికి జనం పోతున్నారని తెలిసి కాలవ మీద బండలు పరిచి, ‘నమూనా మురుగు – తాకరాదు’ అని బోర్డు పెట్టారు.

ఆ నెలాఖరుకి మా ఊరి నీళ్ళకి బహుమతి వచ్చింది. కమిషనరు గారు శాలువాతో ఉన్న ఫొటో పేపర్లో పడింది. మా ఆయన నాకు చూపించి, “చూశావా,” అన్నాడు.

అదే వారంలో బడిపిల్లల ఆరోగ్య పరీక్ష జరిగింది. నూటికి అరవై మందికి పళ్ళు పాడైనట్టు డాక్టరు రాసిచ్చాడు. నీళ్ళ నివేదిక, పళ్ళ నివేదిక రెండూ ఒకే రోజు కమిషనరు గారి బల్ల మీదికి వచ్చాయి. రెండూ నిజం కావడానికి వీల్లేదు. నీళ్ళ నివేదికకి బహుమతి ఉంది, పళ్ళ నివేదికకి ఏమీ లేదు. కాబట్టి తప్పు పళ్ళదని తేలింది.

నాలుగు రోజుల్లో ఇంటింటికీ నోటీసులు వచ్చాయి. మేరీకి వచ్చినది వజ్రమ్మ నా దగ్గరికి తెచ్చింది. “మీ దంతములు పురపాలక సంఘపు నీటి నివేదికతో సరిపోలుట లేదు. ఇందుకు గల కారణములను పదిహేను దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను. లేనియెడల మీ దంతములపై తగు చర్య తీసుకొనబడును.”

“పీకేస్తారంటావా?” అంది వజ్రమ్మ. ఎప్పుడూ నన్ను పిరికిదానివని ఎగతాళి చేసే మనిషి.

“ఏమో అక్కా. అదే అయ్యుండొచ్చు.”

ఇద్దరం కూర్చుని జవాబు రాశాం. తెలియక నీళ్ళు తాగినందుకు క్షమించగలరని, ఇకముందు జాగ్రత్తగా ఉంటుందని. మేరీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే సంతకం చేసింది.

ఇంతలో పైనుంచి ఇంకో కాగితం దిగింది. వచ్చే నెల పదిహేడో తేదీన రాష్ట్ర బృందం వస్తుందట. ఉత్తమ నీటి వల్ల లబ్ధి పొందిన బాలల్ని చూస్తుందట. నీళ్ళకి నమూనా ఒకటే అయినట్టు, బాలలకి కూడా ఒక నమూనా ఉంటే చాలునని కమిషనరు గారు తేల్చారు. ఎవరి పళ్ళు బాగా తెల్లగా ఉంటే వాళ్ళు నమూనా బిడ్డ.

మా బడిలో ఒకటో తరగతి పిల్లల్ని ఎండలో నిలబెట్టి నోళ్ళు తెరిపించారు. పరాంకుశం గారు రంగు కార్డు ఒకటి పట్టుకుని వరసగా చూసుకుంటూ వచ్చారు. గోడలకి రంగులు ఎంచుకునే కార్డు అది. మోక్షి దగ్గర ఆగిపోయారు. “శంఖపు తెలుపు,” అన్నారు. దావీదు రాసుకున్నాడు.

గేటు దగ్గర నిలబడి చూస్తున్న నేను పరిగెత్తాను. “సార్, అయ్యి పాలపళ్ళు. వాటికి మచ్చ రాదంట. ఇంకో ఏడాదిలో ఊడిపోతయ్యి.”

“నివేదికలో దంతములు అని మాత్రమే ఉందమ్మా. పాలవో కావో ఆ వివరం అడగలేదు. మీ బిడ్డ ఎంపికైనది. ఇకపై నమూనా కుళాయి నుండి దినమునకు రెండు లీటర్ల నీరు ఈ బిడ్డకు అందజేయబడును. నమూనా బిడ్డ నమూనా నీరు తాగాలి గదా, లేకపోతే ఫలితాలు కలవవు.”

అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. పరాయివాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఇంటికొచ్చి దేవుడి ముందు దీపం పెట్టాను. ఆ తర్వాత, ఇంత మంచి ఊరికే జరగదు, దీని వెనకాల ఏదో ఉండి ఉంటుందని భయపడ్డాను.

ఉన్నది దావీదు. పొద్దున్నే ఎనిమిదింటికి సీలు వేసిన చిన్న క్యాను పట్టుకుని వచ్చేవాడు. ముందు మోక్షి నోరు తెరిపించి పళ్ళు లెక్కపెట్టేవాడు, ఇరవై. రాసుకునేవాడు. సీలు విప్పి, గ్లాసులో పోసి, అది తాగేదాకా ఎదురుగా కూర్చునేవాడు. మిగిలినదానికి మళ్ళీ సీలు. ఆ నీళ్ళు మేం తాగకూడదు. వాటితో అన్నం వండకూడదు. మోక్షి నోట్లో పోసుకుని పుక్కిలించకూడదు, పుక్కిలించడం సేవించడం కిందికి రాదు.

“దానికి దాహం వేసినప్పుడు తాగిద్దిగానీ, మీకు రాసుకోవాలనిపించినప్పుడు తాగిద్దా?” అని మా అత్త రామకోటమ్మ గొడవపెట్టుకుంది.

“నాదేముంది పెద్దమ్మా. కాగితం అట్టా ఉంది,” అన్నాడు దావీదు.

ఒకరోజు మేరీ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. క్యాను వైపు చూసి, చెయ్యి నోటికి పెట్టుకుని, “పిన్నీ, అయ్యి ఎట్టా ఉంటయ్యి?” అని అడిగింది.

నేను దావీదు వైపు చూశాను. అతను గోడ వైపు చూశాడు. అప్పుడు నేనొక గ్లాసు ఇచ్చి ఉండాల్సింది. ఇస్తే రేపటి నుంచి క్యాను ఆగిపోతుందేమోనని చేతులు రాలేదు. “మామూలుగానే ఉంటయ్యమ్మా,” అన్నాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది.

పదిహేడో తేదీ ఇంకా పన్నెండు రోజులుందనగా, దావీదు లెక్కపెడుతూ పెడుతూ ఆగిపోయాడు. కింది వరసలో మధ్యపన్నుని వేలితో తాకాడు.

“మంగతాయమ్మా. కదుల్తాంది.”

నాకు తెలుసు. మూడు రోజుల కిందటే చూశాను. చూసి ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు.

గంటలో నన్నూ పిల్లనూ కమిషనరు గారి గదికి పిలిపించారు. గది నిండా అధికారులు. మోక్షిని బల్ల మీద కూర్చోబెట్టారు. అది ఉత్సాహంగా నాలుకతో పన్నుని ముందుకీ వెనక్కీ ఆడించి చూపించింది. పెద్దమనుషులంతా ఒక్కసారి ఉలిక్కిపడ్డారు.

“పన్ను ఊడుటకు ఎవరు అనుమతించారు?” అన్నారు కమిషనరు గారు.

“వయసొచ్చింది సార్. ఆరేళ్ళకి ఊడతయ్యి,” అన్నాను.

“రాష్ట్ర బృందం వచ్చునని తెలిసి కూడానా?”

“దానికి తెలియదు సార్. పన్నుకి.”

వేరే బిడ్డను పెట్టుకోవచ్చుగదా అని ఎవరో మెల్లగా అన్నారు. మోక్షి పేరు, ఫొటో, పళ్ళ రంగుతో సహా రాజధానికి పోయాయట, మార్చితే రికార్డు ఊగుతుందట. పన్ను ఊగితే ఫరవాలేదా అని నేను అడగలేదు. చివరికి ఉత్తర్వు టైపు చేయించి నా చేత సంతకం పెట్టించుకున్నారు. “సదరు నమూనా దంతము పదిహేడవ తేదీ సాయంత్రము ఐదు గంటల వరకు యథాస్థానమున కొనసాగవలెను. ఇందుకు తల్లి పూర్తి బాధ్యత వహించవలెను.”

నేను బాధ్యత వహించాను. బొరుగులు బంద్. చెక్కలు, వేరుశనగ అచ్చులు, చెరుకుముక్కలు బంద్. గంజి, పాలు, పిసికిన అరటిపండు. గెంతకూడదు. తుమ్మితే పన్ను కదులుతుందని, పదిహేడో తేదీ దాకా మా వీధిలో మిరపకాయ పోపు నిషేధిస్తూ దావీదు దండోరా వేశాడు.

“మీ పిల్ల పన్ను కోసం మేం చప్పిడి చారు తాగాలంటే!” అని వజ్రమ్మ గోడ మీదినుంచి అరిచింది. “మా పిల్ల పళ్ళ కోసం ఎవడన్నా ఒక పూట చారు మానుకున్నాడా?”

ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. అయినా నేను మోక్షి వెనకాలే తిరిగాను. అది నిద్రపోతుంటే పక్కన కూర్చుని నోటికేసి చూశాను. అది నవ్వబోతే నేను భయపడి అరిచాను, అరుపుకి అది ఏడ్చింది, ఏడుపుకి పన్ను ఇంకా కదిలింది. ఒక్కోసారి తెల్లటి ఆ చిన్న గింజ కింద, చిగురు చీల్చుకుని కొత్త పన్ను అంచు కనిపించేది. టార్చి వేసి చూశాను, కళ్ళు చికిలించి చూశాను. రంగు తెలియలేదు.

పదహారో తేదీ పొద్దున నీళ్ళ కోసం వీధి పంపు దగ్గరికి వెళ్ళాను. పావుగంట. తిరిగొచ్చేసరికి మోక్షి గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. నవ్వు మధ్యలో నల్లటి సందు.

నా చేతిలో బిందె జారిపోయింది.

“పన్నేదే?”

“ఊడింది. నాయనమ్మకిచ్చా.”

దానికి తెలుసు, నాకిస్తే ఏడుస్తానని. అత్త పెరట్లో చేతులు కడుక్కుంటోంది.

“అత్తా, పన్నేది?”

“ఇంటిమీద ఏశా.”

“ఇంటిమీదా?”

“మరి ఏడ ఏస్తారు? పేడలో పెట్టి, తూర్పుకి తిరిగి ఏశా. మా అమ్మ నా పన్నట్టాగే ఏసింది, నేను నీ మొగుడి పన్నట్టాగే ఏశా. లేకపోతే కొత్త పన్ను వంకర వచ్చిద్ది. నువ్వేమో అన్నిటికీ భయపడతావు, భయపడాల్సింది మాత్రం మర్చిపోతావు.”

మాది మెట్లు లేని డాబా. మా అత్త నిచ్చెన వేసుకుని డాబా మీద పిడకలు ఆరబెడుతుంది. పొద్దున్నే కొత్తగా కొట్టినవి కూడా ఉన్నాయి, మొత్తం మూడొందల పైచిలుకు. వాటిలో ఎక్కడో ఒక పేడముద్దలో రాష్ట్ర బృందం చూడాల్సిన పన్ను ఉంది.

ఎనిమిదింటికి దావీదు వచ్చాడు. లెక్కపెట్టాడు. పంతొమ్మిది. ఇంకోసారి లెక్కపెట్టాడు. క్యాను సీలు విప్పకుండానే వెనక్కి తిరిగి, పరిగెత్తలేని మనిషి పరిగెత్తినంత పని చేశాడు.

తొమ్మిదింటికి దావీదుని వెంటబెట్టుకుని పరాంకుశం గారు జీపు దిగారు. నేను మొత్తం చెప్పాను. ఆయన నుదుటి మీది కళ్ళజోడు కళ్ళమీదికి దించుకుని డాబా వైపు చూశారు.

“సార్, పన్ను దొరికితే మళ్ళీ అతికిస్తారా?”

“అతికించుట మా శాఖ పరిధిలోకి రాదు. సంపూర్ణ దంతపంక్తి లేని బిడ్డ నమూనా కాజాలదు, కాబట్టి ఈ నమూనాను రద్దు చేయాలి. రద్దు చేయాలంటే నమూనాను కార్యాలయమునకు స్వాధీనపరచుకోవాలి. స్వాధీనం కాని నమూనా చలామణిలో ఉన్నట్టే లెక్క. రేపు బృందం అడిగితే మేము ఏం చూపించాలి?”

“మరి క్యాను సార్?”

“నమూనా లేనప్పుడు నమూనా నీరు ఎవరికమ్మా? నేటి నుండి నిలుపుదల.”

నేను జీపులో ఉన్న క్యాను వైపు చూశాను.

నిచ్చెన తెచ్చాం. దావీదు ఒక మెట్టు ఎక్కాడు. రెండో మెట్టు మీదికి కాలు లేవలేదు. రెండు చేతులతో మోకాలు పట్టుకుని పైకి లాగబోయాడు, అయినా వంగలేదు.

“ముప్పై ఏళ్ళు ఈ ఊరి నీళ్ళేగా సార్,” అన్నాడు. ఫిర్యాదుగా కాదు, చిరునామా చెప్పినట్టు.

పరాంకుశం గారు ఒక్క క్షణం ఆ మోకాళ్ళ వైపు చూశారు. తర్వాత బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, తానే ఎక్కారు. నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. పైన పిడకలు విరుగుతున్న చప్పుడు మొదలైంది.

“ఇందులో లేదు. దావీదూ, రాసుకో. ఒకటవ పిడక, శూన్యం. రెండవ పిడక, శూన్యం.”

“అయ్యా, ఎండినయ్యి ఇరగ్గొట్టబాకండి!” అని మా అత్త మొత్తుకుంది. “పన్ను పచ్చిదాంట్లో ఉంటది! నిన్నటి పిడకలోకి ఇయ్యాల్టి పన్ను ఎట్టా పోయిద్ది?”

“వరుస క్రమము తప్పరాదు,” అన్నారాయన పైనుంచి.

నలభై పిడకలయ్యేసరికి ఆయన చొక్కా రంగు మారిపోయింది. పచ్చిపేడ కోసం సంచి కావాలన్నారు. దావీదు సంచి కోసం వీధి చివరికి పోయాడు. మా అత్త తలపట్టుకుని వంటింట్లోకి పోయింది. డాబా పైన ఆయన, కింద నేను. గుమ్మంలో మోక్షి, నాలుకని ఆ సందులో పెట్టి తీసి పెట్టి తీసి ఆడుకుంటోంది. దాని పక్కన నేను పొద్దున పంపు దగ్గర పట్టి తెచ్చి, కింద పడేస్తే సగం మిగిలిన బిందె.

“అమ్మా, దాహం,” అంది.

క్యాను జీపులో ఉంది, సీలుతో.

నేను తలెత్తి చూశాను. డాబా అంచు మీదినుంచి ఆయన అరచేతులు మాత్రం కనిపిస్తున్నాయి, పేడతో ఆకుపచ్చగా.

“సార్.”

“చెప్పండమ్మా. ఎనభై రెండవ పిడక, శూన్యం.”

“పిల్ల నీళ్ళడుగుతాంది. ఇంట్లో ఉన్నయ్యి పంపునీళ్ళే. తాగించొచ్చా?”

“పురపాలక సంఘము సరఫరా చేయు నీరు నిర్దేశిత ప్రమాణములకు...” అని మొదలుపెట్టారు.

“ఇక్కడ ఎవరూ లేరు సార్. ఫారం కూడా లేదు.”

మాట ఆగిపోయింది. పిడకల చప్పుడు కూడా ఆగిపోయింది. ఒక కాకి వచ్చి డాబా అంచు మీద వాలి, ఆయన్ని చూసి కాసేపు ఉండి వెళ్ళిపోయింది. నా చేతుల్లో నిచ్చెన చెక్క ఎండకి కాలుతోంది. వంటింట్లో అత్త గిన్నె ఏదో కింద పెట్టింది. మోక్షి నా వైపు చూసింది, పైకి చూసింది, మళ్ళీ నా వైపు చూసింది. ఆయన అక్కడ ఉన్నారో లేదో కూడా తెలియనంత సేపయింది. పడిపోయారేమో, ఎండదెబ్బ తగిలిందేమో, చచ్చిపోయారేమో, ఆ నేరం కూడా నా మీదికే వస్తుందేమో అనుకున్నాను.

“సార్?”

“వద్దమ్మా,” అన్నారు పైనుంచి, ఇంట్లోవాళ్ళతో మాట్లాడే గొంతుతో. “మా పిల్లల్నే నేనీ ఊరు తీసుకురాలేదు.”